మందు కొట్టని ఇంటి మీద తేదీ

ఆష్‌బర్న్, వర్జీనియా
ఏప్రిల్ 6

శానిటరీ ఇన్‌స్పెక్టర్ ధర్మారావు బాబు గారికి,

నా పేరు కోరాడ పైడితల్లి. వయసు ఎనభై నాలుగు. పాలరేవు మునిసిపాలిటీ మలేరియా గ్యాంగులో పంపు కొట్టిన కోరాడ పోలయ్య పెళ్లాన్ని. అదే గ్యాంగులో నీళ్లు మోసి దోమల మందు కలిపినదాన్ని. ఇప్పుడు నా కూతురి కూతురు ఉజ్వల దగ్గర ఉంటున్నాను. ఇంట్లో నలుగురం: ఉజ్వల, దాని మొగుడు వినీత్, వాళ్ల తొమ్మిదేళ్ల పిల్ల అనిక, నేను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే ఉజ్వల రాస్తోంది. ఒక్క మాట మెత్తబరిచినా కాగితం చింపేస్తానని దానికి ముందే చెప్పాను.

మొన్న ఆదివారం షాంటిలీలో కూరలు కొనడానికి వెళ్లి, ఆ కొట్టు గుమ్మంలో ఊరికే పెట్టిన తెలుగు సంఘం ఉగాది సంచిక ఒకటి తెచ్చింది. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. "అమ్మమ్మా, నీ పాలరేవు గురించి ఎవరో రాశారే" అంది. చదవమన్నాను. చదివింది.

మీ ఫొటో కూడా ఉందట. జుట్టంతా తెల్లబడిందట. సంతోషం. అరవై ఒకటో సంవత్సరంలో పాలరేవులో దోమని ఎలా గెలిచారో, ఎన్ని వేల ఇళ్లకి డిడిటి కొట్టించారో రాసుకున్నారు. రాసుకోండి, మాకేం. కానీ మధ్యలో ఈ మాట రాశారు, ఉజ్వల చేత రెండుసార్లు చదివించాను: "చుట్టిళ్ల పేటలో మాత్రం పోలయ్య అనే పంపు కూలీ మందుని మిరపతోటల వాళ్లకి అమ్ముకుని, మందు కొట్టినట్టు తలుపుల మీద తేదీ వేశాడు. ఆ వానాకాలం అక్కడ పదకొండుమంది పిల్లలు చలిజ్వరంతో పోయారు. ఒక్కడి అత్యాశకి అంత మూల్యం."

అయ్యా, ఆ పదకొండుమందిలో నా పెద్దగుంట పారమ్మ ఉంది. నాలుగేళ్లు. మీరు దాన్ని లెక్కలో వేసుకుని, దాని తండ్రినే దొంగని చేశారు.

పోలయ్య చిటికెడు మందు అమ్మలేదు. అమ్మడానికి మందు ఉంటే కదా! ఆ మాట మీకు తెలుసు. నాకు తెలుసు. ఇంకెవరూ బతికి లేరు.

పోలయ్య దొంగ కాదని అదే సంఘం పుస్తకంలో, అదే సైజు అక్షరాల్లో, మీ ఫొటో పెట్టి మరీ రాయాలి. ఫోన్ చెయ్యకండి. ఫోన్‌లో మీరేదో అంటారు, నేనేదో అంటాను, రేపు ఎవరికీ గుర్తుండదు. కాగితం మీద చెప్పండి.

పైడితల్లి

(అంకుల్, అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. దయచేసి తప్పుగా అనుకోవద్దు. మీ అడ్రస్ సంచిక ఎడిటర్ గారు ఇచ్చారు. — ఉజ్వల)

(ఇది కింద ఏదో సొంతంగా రాసింది. ఏం రాశావే అంటే చెప్పింది. తప్పుగానే అనుకోమని రాయించాను. — పైడితల్లి)


నోవై, మిషిగన్
ఏప్రిల్ 19

పైడితల్లికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు ఇంకా ఉన్నావనీ, ఈ దేశంలోనే ఉన్నావనీ తెలిసి ఆశ్చర్యపోయాను. నాకు ఎనభై ఆరు. ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాను. ఏప్రిల్ సగం దాటినా నిన్న కూడా మంచు పడింది. నా మనవరాలు నమ్రత డ్రైవ్ చేసి తీసుకెళ్తే తప్ప గడప దాటలేను.

నీ బాధ అర్థం చేసుకోగలను. బిడ్డని పోగొట్టుకున్నావు. కానీ కోపంలో మనం వాస్తవాలు మర్చిపోకూడదు. అది నా సొంత అభిప్రాయం కాదు. కమిషనర్ గారి సమక్షంలో విచారణ జరిగింది. మందు తీసుకున్నట్టు స్టాకు రిజిస్టర్లో పోలయ్య వేలిముద్ర ఉంది. తలుపుల మీద ఏప్రిల్ 14 అని తేదీ ఉంది. "ఆ అచ్చు ఎవరు వేశారు?" అని అడిగితే "నేనే వేశాను" అని అందరి ముందూ అతనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మనిషిని ఇప్పుడు నేను నిర్దోషి అని ఎలా రాయను?

వ్యాసంలో ఇంటిపేరు కూడా వెయ్యలేదు, గమనించావో లేదో. పోలయ్యలు మన వైపు వందమంది ఉంటారు.

జూలైలో సంఘం వాళ్లు ఇక్కడ నాకు ప్రజారోగ్య సేవకి సన్మానం పెట్టుకున్నారు. నేను అడగలేదు, వాళ్లే పట్టుబట్టారు. ఈ వయసులో పాత గాయాలు కెలుక్కుంటే నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. మనవరాలి దగ్గర హాయిగా, దైవచింతనతో కాలం గడుపు.

శుభం.
ధర్మారావు


ఆష్‌బర్న్
మే 11

ధర్మారావుకి,

బాబు గారూ అనడం నీ ఉత్తరంతో అయిపోయింది. నీ ఆశీస్సులు నువ్వే ఉంచుకో.

ఉజ్వల కలం ఆపేసింది. "అమ్మమ్మా, అంత పెద్దాయన్ని ‘నువ్వు’ అంటే బాగోదు" అంటోంది. ఆయన నన్ను ‘నువ్వు’ అన్నప్పుడు నీకు బాగానే వినపడిందా అన్నాను. రాస్తోంది.

నువ్వు మర్చిపోయావేమో, గ్యాంగు ఎలా పనిచేసేదో నేను చెబుతాను విను. పొద్దున్నే గొడౌను దగ్గర బస్తా విప్పేవాళ్లం. బాల్చీలో పొడి వేసి నీళ్లు పోసి మోచేతి దాకా చెయ్యి పెట్టి నేను కలిపేదాన్ని. గుడ్డలో వడకట్టి పంపులో పోస్తే పోలయ్య గొట్టం పట్టుకుని గోడ పై నుంచి కిందకి కొట్టేవాడు. అంతకుముందే ఇంట్లో కుండలూ చాపలూ బయట పెట్టించాలి. మందు ఆరాక గోడ తెల్లగా చారలు కడుతుంది. మూడు నెలలు ఆ గోడ అలకొద్దని ఆడవాళ్లతో నేను పోట్లాడేదాన్ని. "నల్లులన్నీ బయటికొచ్చి మా మీద పడ్డాయే, మీ మందు తగలెయ్యా" అని నన్ను తిట్టేవాళ్లు. ఇదంతా అయ్యాక తలుపు మీద కంతల రేకు అచ్చు పెట్టి ఎర్ర జేగురు రంగుతో తేదీ వేసేవాళ్లు. మందు ముందు. అచ్చు తర్వాత.

మొన్న ఇక్కడ మా పెరట్లో దోమలకని ఒక వ్యాన్ అబ్బాయి వచ్చాడు. నేను కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు, కాళ్లకి బూట్లు. పొదలన్నిటికీ కొట్టాడు. కొట్టడం పూర్తయ్యాక గడ్డిలో చిన్న పచ్చ జెండా గుచ్చాడు. దాని మీద ఏముందే అంటే, ఇవాళ్టి తేదీ అంది ఉజ్వల. ముందు కొట్టాడు, తర్వాత గుచ్చాడు. నేను చూశాను.

ఇప్పుడు అరవై ఒకటి ఏప్రిల్ సంగతి. ఆ నెల మందు రాలేదు. ఒక్క బస్తా లేదు. గొడౌన్లో ఎలకలు తిరిగాయి. నువ్వొచ్చి పోలయ్యతో ఏమన్నావు? "ఒరేయ్ పోలిగా, మందు దారిలో ఉంది. నెల దాటితే పైనుంచి నాకు చీవాట్లు. ముందు ముద్ర వెయ్యి, రేపో ఎల్లుండో మందు తీసుకుందువు" అన్నావు. వేలు పట్టుకుని నువ్వే సిరాలో ముంచావు. రాని మందుకి ముద్ర వేయించుకున్నావు.

నెల దాటిన పన్నెండు రోజులకి మందు వచ్చింది. ఆఫీసర్లుండే కచేరీ వీధిలో కొట్టించావు. కమిషనర్ బంగళాలో, ఆయన గొడ్లపాకలో కూడా కొట్టించావు. "మా పేట బాబూ?" అని పోలయ్య అడిగితే, "చుట్టిళ్ల పేట అయిపోయిందిరా, రిజిస్టర్లో నీ ముద్ర ఉందిగా" అన్నావు. నేను పక్కనే బాల్చీ పట్టుకుని ఉన్నాను. అంతే, మందంతా అయిపోయింది. వానలు పడ్డాయి. జ్వరాలు మొదలయ్యాయి.

పారమ్మ మూడో వణుకు వచ్చినప్పుడు పోయింది. రెండు బొంతలు కప్పి నేను మీద పడుకున్నాను, ఆ వణుకు ఆగలేదు.

ఆ తర్వాత పేటలో పోలయ్యకి ఎవరూ నిప్పు కూడా ఇవ్వలేదు. దొంగమందోడు అని పేరు పెట్టారు. మునిసిపాలిటీ బిళ్ల లాక్కుని పనిలోంచి తీసేశారు. రేవులో బస్తాలు మోశాడు. నాలుగేళ్లకే పోయాడు. పాడె మొయ్యడానికి పేట నుంచి ఒక్కడు రాలేదు. ఆ పేరుని నువ్వు అమెరికాలో అచ్చు వేయించావు.

అచ్చు వేశానని ఒప్పుకున్నాడు అన్నావు. అచ్చు సంగతి ఒప్పుకున్నాడు. దొంగతనం ఒప్పుకున్నాడా? ఆ ముక్క ఎందుకు రాయలేదు? ముందు అచ్చు వెయ్యమంది ఎవరో ఎందుకు రాయలేదు?

దైవచింతన నాకు నేర్పకు.

పైడితల్లి


నోవై
మే 24

పైడితల్లి గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి ఉత్తరంలో నా మాట తీరు బాగోలేదని నమ్రత కూడా అంది. మన్నించండి.

ఆ నెల మందు సరఫరా సకాలంలో అందని మాట నిజమే. రిజిస్టర్లో ముందుగా ముద్ర తీసుకోవడం అప్పట్లో అన్నిచోట్లా జరిగేది. నాకు ఇరవై రెండేళ్లు. ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. నెలాఖరుకి ఇళ్ల లెక్క పూర్తి కాకపోతే నన్ను తీసేస్తామని హెల్త్ ఆఫీసర్ గారు చెప్పేశారు. ఇవి సాకులు కావు, పరిస్థితులు.

కాబట్టి ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను: "చుట్టిళ్ల పేటలో జరిగినది శాఖాపరమైన లోపం, ఏ వ్యక్తికీ ఆపాదించలేము" అని. దీనితో మీ భర్త పేరు మీది మచ్చ పోతుంది.

ఇంతకంటే లోతుకి వెళ్లమంటే నేను మొత్తం రాయాల్సి ఉంటుంది. అచ్చు పోలయ్య వెయ్యలేదు, ఆ రోజు అతను పంపు బాగు చేయించడానికి రైలుపేట వెళ్లాడు. పేట వాళ్లంతా ఉప్పుమళ్లలో పనికి పోయారు. రేకూ జేగురు డబ్బా నేను ఎవరి చేతిలో పెట్టానో మీకు తెలుసు. నలభై రెండు తలుపులకి ఎవరు వేశారో తెలుసు. విచారణలో అతను ఎవరి కోసం అబద్ధం చెప్పాడో కూడా మీకు తెలుసు.

మీ ఉత్తరాలు రాసేదీ, చదివి వినిపించేదీ మీ మనవరాలు. ఆ అమ్మాయికి ఇదంతా తెలియాలా? మీ మంచి కోరే అడుగుతున్నాను. శాఖాపరమైన లోపం అన్న మాట ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది. ఆలోచించండి.

ధర్మారావు


ఆష్‌బర్న్
జూన్ 8

ధర్మారావుకి,

నా మనవరాలి నోటితోనే నాకు ఆ మాట చదివించావు. గొప్ప పని చేశావు.

"రేకూ జేగురు డబ్బా" దగ్గర ఆగి నా చేతుల వైపు చూసింది. చదవవే అన్నాను. చదివింది. చివరిదాకా చదివి, కాగితం బల్ల మీద పెట్టి, "అమ్మమ్మా, నువ్వా?" అంది. నేనే అన్నాను. గరాజ్‌లోకి వెళ్లి కారులో కూర్చుంది. స్టార్ట్ చెయ్యలేదు. ఊరికే కూర్చుంది. వినీత్ వెళ్లి పిలిస్తే రాలేదు. నేను వెళ్లలేదు. గంట తర్వాత తనే వచ్చింది. "తర్వాత రాద్దామా?" అంది. ఇప్పుడే రాద్దాం అన్నాను. అందుకే అక్షరాలు కొంచెం వంకరగా ఉంటాయి. అవి దానివి.

నన్ను భయపెట్టావు కదూ? అరవై నాలుగేళ్లు ఆ భయంతోనే నోరు మూసుకున్నాను. నాకంటే బాగా ఆ భయాన్ని మొయ్యడం నీకు రాదు. ఇప్పుడు విను.

ఆ రోజు నువ్వు నా గుమ్మంలోకి వచ్చావు. "ఏమే పైడీ, మందు రేపొస్తుంది. ఏ ఇళ్లకి కొట్టాలో లెక్క కోసం ఈ గుర్తు వేసుకురా" అన్నావు. రేకు మీద ఏముందో నాకేం తెలుసు? తేదీ రేకు వేరే ఉంటుంది, ఇది లెక్క గుర్తు అనుకున్నాను. అక్షరం రాని నాకు రెండూ కంతలున్న రేకులే. గుర్తు వేస్తే మందు తప్పకుండా మన పేటకే వస్తుంది కదేటి, ఒక్క ఇల్లు కూడా తప్పిపోకూడదు అనుకున్నాను. అంత ఆశగా వేశాను. జేగురు కారకుండా కొంగుతో ఒత్తి వేశాను. నలభై రెండోది నా తలుపు. దానికి అన్నిటికంటే బాగా వేశాను.

విచారణ రోజు కమిషనర్ పైకి చదివాడు: మందు కొట్టిన తేదీ ఏప్రిల్ పద్నాలుగు. అప్పుడు తెలిసింది నాకు, ఆ గుర్తు ఏం చెబుతోందో. పేట మొత్తం అక్కడే ఉంది. పదిమంది తల్లులు అక్కడే ఉన్నారు. "ఎవరు వేశారు?" అన్నాడు కమిషనర్. నా కాళ్లు లేచాయి. నోరు తెరిచాను కూడా. పోలయ్య నా ముందుకి వచ్చి నిలబడ్డాడు. "నేనే బాబూ" అన్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూడలేదు.

ఇంటికొచ్చాక అడిగాను, ఎందుకలా అన్నావు అని. "నన్ను కొడతారు. నిన్నయితే చంపేస్తారు. నువ్వు కడుపుతో ఉన్నావు" అన్నాడు. ఆ కడుపున పుట్టిందే ఉజ్వల తల్లి. ఆ తర్వాత చచ్చేదాకా ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. నేను ఆయన వెనకాల దాక్కున్నాను. ఆయన పోయాక ఆయనకి పడ్డ పేరు వెనకాల దాక్కున్నాను. నువ్వు అలా రాసినందుకు నాకు కోపం ఎందుకొచ్చిందనుకున్నావు? నీ మీద సగమే. మిగతా సగం ఎవరి మీదో ఇవాళ ఉజ్వలకి కూడా తెలిసింది.

శాఖాపరమైన లోపం అట! ఆ శాఖకి చేతులున్నాయా? వేలు సిరాలో ముంచింది శాఖా? రేకు నా గుమ్మంలో పెట్టింది శాఖా? చేతులు నీవి. అచ్చు వేసిన చేతులు నావి. తనంతట తాను దేనికీ చెయ్యి పెట్టనివాడు పోలయ్య ఒక్కడే. ఆయన్ని మనిద్దరం కలిసి పాతేశాం.

నీ సవరణ నాకొద్దు. నీ మన్నించండి నాకొద్దు. వాంగ్మూలం నేనే చెప్పాను, ఉజ్వల రాసింది, దీనితో పంపుతున్నాను. సంఘం పుస్తకంలో అదే పడాలి. నా సంగతి దాచకుండా ఉంది, నీ సంగతి దాచకుండా ఉంది. ఇద్దరు సాక్షులు ఇంట్లో వాళ్లే దొరికారు, కానీ వాళ్లు నా ముద్ర చూశారు తప్ప ఆ రోజుని చూడలేదు. చూసినవాడు ఒక్కడే బతికున్నాడు. మూడో గీత నీకు. నేరస్తుడి చోట కాదు, సాక్షి చోట పెట్టు సంతకం. అదైనా నేర్చుకో.

పెట్టకపోతే జూలైలో నోవై వస్తాను. ఉజ్వల టికెట్ బుక్ చేస్తానంది. మొదటి వరసలో కూర్చుంటాను. శాలువా కప్పేటప్పుడు లేచి అడుగుతాను.

పైడితల్లి


నోవై
జూన్ 17

పైడితల్లి గారికి,

ఆ రోజు విచారణలో కమిషనర్ గారు పోలయ్య తర్వాత నన్ను అడిగారు: "ఇన్‌స్పెక్టర్, ఇతను చెప్పేది నిజమేనా?" అని. నేను పోలయ్య ముఖం చూశాను. అతను నా వైపు చూస్తున్నాడు. నేను అతన్ని బయటపెడతాననుకున్నాడో, కాపాడతాననుకున్నాడో, ఇప్పటికీ చెప్పలేను. "నాకు తెలియదు సార్" అన్నాను. మర్నాడు నా ఉద్యోగం పర్మనెంట్ అయినట్టు కాగితం వచ్చింది.

వాంగ్మూలంలో ఒక్క అక్షరం మార్చలేదు. సంచిక వాళ్లకి నేనే పంపాను. నన్ను సన్మానించాలో లేదో చదివాక నిర్ణయించుకోమన్నాను. సాక్షి చోట సంతకం పెట్టాను, గీత దాటింది. నమ్రత ఇంకో కాగితం మీద పెట్టమంది. వద్దన్నాను.

ధర్మారావు


వాంగ్మూలం

కోరాడ పైడితల్లి, వయసు ఎనభై నాలుగు, చదువు రాదు, తెలివిలో ఉండి చెబుతున్నది.

పంతొమ్మిది వందల అరవై ఒకటి ఏప్రిల్ పద్నాలుగున పాలరేవు చుట్టిళ్ల పేటలో నలభై రెండు ఇళ్ల తలుపుల మీద మందు కొట్టిన తేదీ అచ్చు వేసింది నేను. ఆ ఇళ్లకి మందు కొట్టలేదు. ఆ నెల మందే రాలేదు. ఆ అచ్చు మందు కొట్టిన తేదీ అని నాకు అప్పుడు తెలియదు. తెలియనంత మాత్రాన ఆ పిల్లలు బతికి రాలేదు.

అచ్చు వెయ్యమని రేకు ఇచ్చింది అప్పటి శానిటరీ ఇన్‌స్పెక్టర్ ధర్మారావు. రాని మందుకి ముందుగా వేలిముద్ర తీసుకున్నది కూడా ఆయనే. తర్వాతి నెల వచ్చిన మందు కచేరీ వీధికీ కమిషనర్ బంగళాకీ పోయింది. ఎవరూ అమ్ముకోలేదు.

నా భర్త కోరాడ పోలయ్య మందు దొంగిలించలేదు. అచ్చు వెయ్యలేదు. నేనే వేశాను అని విచారణలో చెప్పింది నన్ను కాపాడటానికి. ఆ మాట తప్పని చెప్పగలిగిన నేను చెప్పలేదు. పేట వాళ్లు ఆయన్ని దొంగ అన్నప్పుడు కూడా చెప్పలేదు.

పోయిన పిల్లల్లో నాకు గుర్తున్న పేర్లు: పారమ్మ, అప్పన్న, చిన్న నూకాలు, రాములమ్మ, దాలిగాడు. మిగతా ఆరుగురి పేర్లు ఎవరికైనా తెలిస్తే సంఘం వాళ్లు ఇక్కడ చేర్చాలి. సంఖ్యగా వెయ్యకూడదు.

ఇది మూడుసార్లు చదివించుకుని విన్నాను. మూడోసారి కూడా కోపం తగ్గలేదు. అయినా నిజమే కాబట్టి ముద్ర వేస్తున్నాను.

కోరాడ పైడితల్లి ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
ఉజ్వల, మనవరాలు, ఆష్‌బర్న్
వినీత్, ఉజ్వల భర్త, ఆష్‌బర్న్
ధర్మారావు, నోవై, ఆ రోజు అక్కడ ఉన్నవాడు